గడ్డిచామంతి, దాని దాయాదులు

కల్యాణదుర్గమునుండి కుందుర్పికి పోవు బాటల ప్రక్కను, చేలగట్లమీదను, ఎఱ్ఱనేల నంటుకొని ప్రాకు గడ్డిచామంతి నెఱుగనివారుండరు. తెగినచోట దీని ఆకుపసరు పిండుట వాడుక గనుక గాయపాకనియు అందురు. 1753లో లిన్నేయసు దీనిని ట్రైడాక్స్ ప్రోకుంబెన్స్ అను పేరుతో వర్ణించెను. జేనెడెత్తు లేని యీ మొక్క నిలువెత్తు ప్రొద్దుతిరుగుడునకు దాయాది యన్నచో శ్రోతలు నవ్వుదురేమో. కాని మొక్కల చుట్టరికమును నిర్ణయించునది ఎత్తు కాదు, పువ్వు.

ఒక పువ్వును కోసి విడదీసి చూడుడు. మనము పువ్వనుకొన్నది నిజమునకు పూలగుంపు. అంచున లేతపసుపు రేకులవలె కనబడునవి వేర్వేరు పువ్వులే. ఒక్కొక్కదాని కొనను మూడు నొక్కులుండును. నడుమనున్న పసుపుముద్ద గొట్టములవంటి చిఱుపూల సమూహము. ప్రొద్దుతిరుగుడు పువ్వు కూర్పును ఇట్టిదే. అయితే ప్రొద్దుతిరుగుడు అంచుపూలు గొడ్డువి. గడ్డిచామంతి అంచుపూలు ఆడుపూలు, అవియు గింజకట్టును. నడిమిపూలలో పరాగకోశములు ఒండొంటితో అతుకుకొని గొట్టమగును. దాని లోపల కీలము పెరుగుచు, చిమ్మనగ్రోవిలోని కడ్డీ నీటిని నెట్టినట్లు, పుప్పొడిని పైకి నెట్టును. ఈ పుప్పొడి సంగతి జ్ఞాపకముంచుకొనుడు.

ప్రొద్దుతిరుగుడు పంట కొన్ని నెలలలో ముగియును. గడ్డిచామంతి బహువార్షికము. అనంతపురము జిల్లాలో ఏటి సగటు వర్షము సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. అట్టి నేలపై ఇది తల్లివేరుతో నిలుచును. ప్రాకిన కాడలు కణుపులయొద్ద క్రొత్తవేళ్లు దింపును. ఈకలవంటి కుచ్చు గల గింజలు గాలికెగిరి దూరము పోవును. దీని జన్మస్థానము అమెరికాఖండపు ఉష్ణప్రదేశములు. ప్రొద్దుతిరుగుడును ఆ ఖండమునుండి వచ్చినదే. అచట ఏటేట వేరునుండి చిగిర్చు అడవి ప్రొద్దుతిరుగుళ్లు పెక్కు జాతులు కలవు. మన దేశమునకు అవి సహజములు కావు. ఆ వంశపు లక్షణములను మన గట్లమీదనే చూడగోరువారికి గడ్డిచామంతి చాలును.

ఈ కుటుంబమునకే చెందిన మఱియొక పరదేశి వయ్యారిభామ. దానివలన మన రైతునకు కలిగిన కీడు చెప్పవలసియున్నది. 2000 సంవత్సరమున ఈ జిల్లాలో వేరుసెనగకు కాండము కుళ్లు వైరసు తెగులు సోకెను. సుమారు 2,25,000 హెక్టార్ల పైరు దానికి లోనయ్యెననియు, నష్టము 300 కోట్ల రూపాయలు మించెననియు శాస్త్రజ్ఞులు అంచనా వేసిరి. దీనికి కారణము పొగాకునందు చారలు పుట్టించు వైరసు. వయ్యారిభామ ఈ వైరసును మోయుచు, పైకి ఏ రోగచిహ్నమును చూపదు. వైరసు దాని పుప్పొడిలో నుండును. పూలలో తిరుగు తామరపురుగుల ఒంటికి ఆ పుప్పొడి అంటును. అవి వేరుసెనగ లేతాకును గీరినప్పుడు, ఆ గాయముగుండ వైరసు లోపల ప్రవేశించును. ప్రొద్దుతిరుగుడునకును ఇదే వైరసు తెగులు తెచ్చును.

గడ్డిచామంతియందును ఈ వైరసు ఉండగలదని పరిశోధకులు కనుగొనిరి. అయినను ముఖ్యమైన దోషి వయ్యారిభామయే. అది గుంపులుగా మొలచి, తడి దొరికినపుడెల్ల పూయును. కావున సీతాకోకచిలుకలకు తేనెయిచ్చు గడ్డిచామంతిని ఊరంతట రూపుమాపనక్కరలేదు. వేరుసెనగ చేని గట్టున మాత్రము ఉండనీయరాదు. వయ్యారిభామ నెచ్చటను ఉపేక్షింపరాదు. చేనిచుట్టు కొన్ని సాళ్లు జొన్నగాని సజ్జగాని దట్టముగా విత్తినచో, గాలివెంట వచ్చు తామరపురుగులు చాలవఱకు అచటనే ఆగును. తెగులు తగిలిన మొక్కకు మందు లేదు. కలుపు పూచిన తరువాత పెరికినచో పుప్పొడి అప్పటికే బయలుదేరియుండును. గట్టు శుభ్రపఱచుటకు తగినకాలము మొగ్గ కనబడకపూర్వమే.