మురుగు ఎగదన్నిన ఇంటిలో తిరిగి కాపురము ఎప్పుడు?



వరద తీసిన మరునాడే ఇల్లు కడిగి పొయ్యి వెలిగించుట మనకు అలవాటు. కాని మరుగుదొడ్డి గొట్టము గుండా మురుగు ఇంటిలోనికి ఎగదన్నినప్పుడు ఈ తొందర ప్రాణములకే ముప్పు తేగలదు. 2024 సెప్టెంబరు మొదట బుడమేరు పొంగి విజయవాడలో సింగునగర్ మొదలైన పేటలు రోజుల తరబడి నీటిలో నిలిచినవి. వరదనీరు చేరినచో, సెప్టిక్ ట్యాంకు గల పల్లెటూరి ఇంటికిని మురుగు బాధ తప్పదు.

మురుగు వెనుకకు ఏల వచ్చును? ట్యాంకు నుండి వెలువడు నీరు ఇంకుడు గుంత ద్వారా నేలలోనికి పోవలెను. నీటితో నిండిన వరిమడిలో మరల పోసిన నీరు ఇంకనట్లే, తడిసి నిండిన నేలలో ఆ నీరును ఇంకదు. అది గొట్టము వెంట వెనుదిరిగి, ఇంటిలో అన్నిటికంటె పల్లమున నున్న రంధ్రము నుండి బయటపడును. అప్పుడు ట్యాంకును ఖాళీ చేయించుట మంచిది కాదు. చుట్టునున్న నీటి ఒత్తిడికి దాని గోడలు లోనికి కూలవచ్చును. తేలిక ట్యాంకైనచో పైకి తేలవచ్చును. నేల ఆరువరకు ఆ దొడ్డిని వాడరాదు.

ట్యాంకులోనికి తొంగి చూడరాదు, ఎవరినీ దింపరాదు. అందలి విషవాయువు మొదట కుళ్లిన గ్రుడ్ల వాసన కొట్టును. ఎక్కువైనప్పుడు ముక్కుకు ఆ వాసనయే తెలియదు. పడినవానిని తీయబోయి రెండవవాడును మరణించుట తరచు జరుగుచున్నది. రక్షణ సాధనములు లేకుండ మనిషిని దింపి ట్యాంకు శుభ్రము చేయించుట 2013 నాటి చట్టము ప్రకారము నేరము.

గుమ్మము దాటక ముందే లైన్‌మన్ చేత కరెంటు తీయించవలెను. తడిసిన స్విచ్చిని తాకరాదు. తరువాత ఇంటి చుట్టు తిరిగి గోడలను చూడవలెను. మట్టి గోడ, మట్టితో కట్టిన ఇటుక గోడ తడిసినచో బలము కోల్పోవును. దారమునకు రాయి కట్టి గోడ పైఅంచు నుండి వ్రేలాడదీసినచో వాలు తెలియును. గుమ్మముల మూలల నుండి ఏటవాలుగా బీటలున్నవేమో చూడవలెను. గచ్చును కర్రతో తట్టినప్పుడు బోలుగా మ్రోగినచో క్రింది మట్టి కొట్టుకొనిపోయినదని అనుమానించవలెను. వీనిలో ఏది కనిపించినను, ఇంజనీరు చూచువరకు ఆ ఇంట నిదురించరాదు.

ఇల్లు నిలిచియున్నదని తేలిన పిమ్మట శుభ్రము చేయవలెను. రబ్బరు బూట్లు, చేతి తొడుగులు వేసికొని, ముందు బురద ఎత్తి సబ్బునీటితో కడగవలెను. మురికి మీద బ్లీచింగు పొడి సరిగా పనిచేయదు. తరువాత 10 లీటర్ల నీటికి సుమారు 150 గ్రాముల తాజా పొడి కలిపి గచ్చును తడిపి, అరగంట ఆగి కడగవలెను. దానిలో యాసిడ్ కలిపినచో విషవాయువు పుట్టును. మురుగు తడిసిన పరుపులను, ధాన్యమును పారవేయవలెను. ఆ ధాన్యము పశువులకును పనికిరాదు. జ్వరము వచ్చినచో మురుగులో పనిచేసిన సంగతి వైద్యునికి చెప్పవలెను, ఎలుక జ్వరము కావచ్చును.

ఈ పరీక్ష ఒక్కసారితో ముగియదు. నల్లరేగడి తడిసినప్పుడు ఉబ్బును, ఆరినప్పుడు ముడుచుకొనును. వేసవిలో చేను నెర్రెలు వారునట్లే పునాది క్రింది నేలయు కుంగును. వరద తీసిన వారమున బాగుగా కనిపించిన గోడ నెలా రెండు నెలలకు బీటవారవచ్చును. కావున ప్రతి బీటకు అడ్డముగా పెన్సిలుతో గీత గీసి, తేదీ వ్రాసి, పదిహేను దినములకు ఒకసారి వెడల్పు కొలవవలెను. పెరుగుచున్నచో మరల ఇంజనీరును పిలువవలెను.

సున్నము వేయుటకు ముందు మూరెడు ప్లాస్టిక్ గుడ్డను గోడకు నాలుగు అంచులు అంటించి ఒక రాత్రి ఉంచవలెను. తెల్లవారి దాని లోపలి వైపున చెమ్మ కనిపించినచో గోడ ఇంకను ఆరలేదు. ఆరిన తరువాతనే సున్నము వేయించి, విత్తనపు బస్తాలను లోనికి చేర్చవలెను.