చేతికి వాటమైన మాట ‘యేర్’

ఏ కత్తిపీట చేతికి వాటంగా ఉంటుందో, ఏది మొండికేస్తుందో మనకి వేరే ఎవరూ చెప్పనక్కర్లేదు. బళ్ళూ అంతే. హ్యాండిల్ కాస్త తిప్పగానే అనుకున్న వైపు తిరిగే స్కూటీ ఒకటైతే, భుజాలు నొప్పెట్టేలా తిప్పించుకునేది మరొకటి. మొదటి రకానికి సరిపోయే చిన్న పాత మాట ఇంగ్లీషులో ఉంది. అదే ‘యేర్’. వై, ఏ, ఆర్, ఈ అని రాస్తారు. ‘యార్’ అని పలికేవాళ్ళూ ఉన్నారు.

నిజానికి ఇది పడవల మాట. ‘సిద్ధంగా ఉన్న’ అనే అర్థమున్న పాత ఇంగ్లీషు మాటలోంచి పుట్టింది. చుక్కాని ఇలా తిప్పగానే అలా తిరిగే ఓడని ‘యేర్’ అన్నారు. షేక్‌స్పియర్ నాటకం ‘ఆంటొనీ అండ్ క్లియోపాత్రా’లో శత్రువుల ఓడలు ఇలాంటివనీ, మనవి బరువైనవనీ ఆంటొనీని అతని అనుచరుడొకడు హెచ్చరిస్తాడు. ఆంటొనీ వినడు. సముద్రం మీదే పోరుకి దిగి ఓడిపోతాడు.

ఇవాళ ఈ మాట పడవల వాళ్ళ నోట, పుస్తకాల్లో తప్ప పెద్దగా వినపడదు. మీ పిల్లలు కారు గురించి వ్యాసం రాస్తే ‘ఈజీ టు స్టీర్’ అని రాయమనండి, అందరికీ అర్థమవుతుంది.

మాట పాతదైనా ఆ గుణం మాత్రం రోజూ కావలసిందే. కుసుమంచి నుంచి ఖమ్మానికి లారీల పక్కనుంచి స్కూటీ మీద వెళ్ళే అక్కచెల్లెళ్ళని అడగండి, చెబుతారు! దాన్ని కాపాడుకోవడం మన చేతిలోనే ఉంది. ముందు టైరులో గాలి తగ్గితే హ్యాండిల్ బరువెక్కుతుంది. తరచూ చూపిస్తూ ఉండండి. గాలి సరిగ్గా ఉన్నా బిగుసుకున్నట్టుంటే మెకానిక్ చేత హ్యాండిల్ బేరింగులు చూపించండి. కూరగాయల సంచి హ్యాండిల్‌కి తగిలించకండి. అది ఊగినప్పుడల్లా బండిని పక్కకి లాగుతుంది. కొత్త బండి కొనేముందు రంగు చూసి మురిసిపోకుండా, మీరే ఒకసారి నడిపి మలుపు తిప్పి చూడండి.

ఇంకొక్క సంగతి. 1940లో వచ్చిన ‘ద ఫిలడెల్ఫియా స్టోరీ’ సినిమాలో కాథరిన్ హెప్బర్న్ ఒక చిన్న పడవని ఈ మాటతోనే మెచ్చుకుంటుంది. చివర్లో, విడిపోయిన భర్తనే మళ్ళీ పెళ్ళాడబోతూ, ఇకమీదట తానూ అలాగే ఉంటానని మాటిస్తుంది. అతనేమో ఆమె ఎలా ఉన్నా తనకిష్టమే అంటాడు.

మన ఇళ్ళల్లోనూ కోడలి గురించి ‘చెప్పినట్టు వింటుందా?’ అని అడగడం ఉంది కదా! పడవకీ, స్కూటీకీ అది మంచి గుణమే. నడిపే మనిషికి మాత్రం తన దారి తనకి తెలిసుండాలి. ఏమంటారు?