పాత జీపుకు వెనక డిస్కు బ్రేకులు వేయించాలా?

మిరప కోతలు మొదలయ్యాయంటే పాత జీపులకు చేతినిండా పనే. గూడూరు, కొత్తగూడ, గంగారం దిక్కు చేలల్లోకి కూలీలను, మందు బస్తాలను చేర్చాలన్నా, కల్లం మీది బస్తాలను రోడ్డెక్కించాలన్నా ఫోర్ వీల్ జీపే దిక్కు. అయితే వాగు దాటగానే బ్రేకు పట్టదు. బురదలో తిరిగొస్తే కిర్రుమంటుంది. పల్లం దిగేటప్పుడు రెండు మూడుసార్లు పంపింగ్ కొడితే తప్ప బండి నిలవదు. షెడ్డుకు తీసుకుపోతే, "వెనక డ్రమ్ములు పీకేసి డిస్కులు వేద్దాం, బాధ పోతుంది" అనే సలహా వస్తుంది.

ఆ సలహా పూర్తిగా తప్పని అనలేం. కానీ చిన్న రైతు ఆ ఖర్చుకు దిగే ముందు కొన్ని సంగతులు తెలుసుకోవాలి.

డ్రమ్ములో జరిగేది ఏమిటి?

చక్రంతో పాటు తిరిగే గిన్నె లాంటి ఇనుప భాగమే డ్రమ్ము. దాని లోపల చంద్రవంక ఆకారంలో రెండు షూలుంటాయి. పెడల్ తొక్కితే మాస్టర్ సిలిండరు నుంచి బ్రేక్ ఆయిల్ ఒత్తిడి వీల్ సిలిండరుకు చేరి, షూలను బయటికి నెట్టి డ్రమ్ముకు అదుముతుంది. ఇందులో ఒక సుగుణం ఉంది. చక్రం తిరిగే ఊపు ముందు షూను ఇంకా గట్టిగా డ్రమ్ము మీదికి గుంజుతుంది. అందుకే బూస్టర్ లేని పాత జీపు కూడా కాలి బలంతోనే ఆగుతుంది. లోపం కూడా అక్కడే ఉంది. గిన్నె మూసినట్టు ఉంటుంది గనుక లోపలికి చేరిన నీరు, బురద, వేడి తొందరగా బయటికి పోవు.

డిస్కు పని సైకిల్ బ్రేకు లాంటిది. రిమ్మును రెండు రబ్బరు ముక్కలు నొక్కినట్టే, ఇనుప పళ్లేన్ని కాలిపర్‌లోని ప్యాడ్లు రెండు పక్కల నుంచి పిసుకుతాయి. అంతా బయటికే ఉంటుంది. నీళ్లు చిమ్మిపోతాయి, వేడి గాలికి పోతుంది. వాగులు, బురద దారుల్లో ఇది మేలే. అయితే డ్రమ్ముకున్న ఆ సొంత గుంజుడు దీనికి లేదు. అంత బలం రావాలంటే ఆయిల్ ఒత్తిడి ఎక్కువ కావాలి.

పళ్లెం బిగిస్తే పని అయిపోదు

ముందుగా మాస్టర్ సిలిండరు చూడాలి. కాలిపర్ ఎక్కువ ఆయిల్ అడుగుతుంది. పాత సిలిండరు అంత పంపలేకపోతే పెడల్ ఫ్లోరుకు తగులుతుంది. డ్రమ్ము బ్రేకుల లైనులో కొద్దిపాటి ఒత్తిడిని నిలిపి ఉంచే చిన్న వాల్వు చాలా బండ్లలో ఉంటుంది. దాన్ని అలాగే వదిలేస్తే డిస్కు ప్యాడ్లు ఎప్పుడూ రాసుకుంటూ కాలిపోతాయి. బూస్టర్ లేని బండికి అది కూడా కావాల్సి వస్తుంది. ఖర్చు పళ్లెంతో మొదలై ఎటో పోతుంది.

ఇంతకన్నా పెద్ద చిక్కు ఒకటుంది. బ్రేకు వేయగానే బండి బరువు ముందుకు వాలుతుంది. అందుకే ఎక్కువ పని ముందు చక్రాలదే. ముందు పాత డ్రమ్ములే ఉంచి వెనక మాత్రం బలమైన డిస్కులు వేస్తే, ఖాళీ బండిలో వెనక చక్రాలు ముందే పట్టేస్తాయి. తడి రోడ్డు మీద వెనక భాగం అడ్డం తిరుగుతుంది. మార్చదలిస్తే ముందు చక్రాలకే ముందు మార్చాలి. ఇప్పటికీ బొలెరో పికప్ లాంటి బరువు మోసే బండ్లకు కంపెనీ వాళ్లు ముందు డిస్కు, వెనక డ్రమ్మే ఇస్తున్నారన్నది గమనించండి.

హ్యాండ్ బ్రేకు సంగతి చాలామంది మరిచేది. చాలా బండ్లలో హ్యాండ్ బ్రేకు తీగ వెనక డ్రమ్ములోని షూలనే లాగుతుంది. డ్రమ్ము పోతే అదీ పోతుంది. హ్యాండ్ బ్రేకు ఏర్పాటున్న కాలిపరే వేయించాలి. బాగా పాత విల్లీస్ తరహా జీపుల్లో హ్యాండ్ బ్రేకు ట్రాన్స్‌ఫర్ కేసు వెనక విడిగా ఉండేది. మీ బండి అలాంటిదైతే ఈ చిక్కు లేదు. లేకపోతే చెరువు కట్ట మీద బస్తాల బండిని రాయి అడ్డం పెట్టి నిలపాల్సిందే. ఆ రాయి జారితే బండి కింద ఎవరుంటారో చెప్పలేం.

చట్టం మాట కూడా చెప్పుకోవాలి. మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షన్ కంపెనీ ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చవద్దంటోంది. 2019 సవరణ తర్వాత యజమానికి ఒక్కో మార్పుకు 5 వేల రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పడవచ్చు. ప్రమాదం జరిగితే ఇన్సూరెన్సు వాళ్లు కొర్రీ పెట్టడానికి ఇదొక సాకు. పని పెట్టుకునే ముందే రవాణా శాఖ కార్యాలయంలో అడగండి.

అదే డబ్బు ఇక్కడ పెట్టండి

బ్రేకు పట్టడం లేదన్న బండిలో చాలాసార్లు తప్పు డ్రమ్ముది కాదు, దాన్ని విప్పి చూడకపోవడానిది. వెనక చక్రం విప్పించి మీరు దగ్గరుండి చూడండి. షూల మీద నల్లటి జిడ్డు ఉంటే ఆక్సిల్ ఆయిల్ సీల్ కారుతున్నట్టు. సీలు మార్చకుండా షూలు మాత్రం మారిస్తే మళ్ళీ నెలకే అదే కథ. జిడ్డు పట్టిన షూను పెట్రోలుతో కడిగి మళ్ళీ వేయించవద్దు, కొత్తది వేయించండి. రెండు చక్రాలకూ ఒకేసారి మార్చాలి, లేకుంటే బండి ఒక పక్కకు గుంజుతుంది. వీల్ సిలిండరు రబ్బరు మూత ఎత్తితే తడి కనిపించినా దాన్ని బాగు చేయాల్సిందే. లైనింగు అరిగి రివెట్టు తల దగ్గరికి వస్తే ఆగవద్దు. రివెట్టు డ్రమ్మును గీరిందంటే దాన్ని లేతు పట్టించాలి. డ్రమ్ము మీద పోత పోసిన గరిష్ఠ కొలత దాటితే ఇక అది పాతసామాన్లకే.

లోపలి దుమ్మును నోటితో గానీ గాలి పైపుతో గానీ ఊదనీయవద్దు. పాత లైనింగుల్లో ఆస్‌బెస్టాస్ ఉండేది, ఊపిరితిత్తులకు ప్రమాదం. తడిగుడ్డతో తుడవాలి.

బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీలుస్తుంది. డాట్ 3 రకం కొత్తదైతే 205 డిగ్రీల దాకా మరగదు, తేమ పట్టాక 140 డిగ్రీలకే మరగవచ్చు. మరిగితే లైనులో ఆవిరి చేరి, పల్లంలో పెడల్ ఉత్తదై పోతుంది. రెండేళ్లకోసారి మొత్తం తీసి కొత్తది పోయించి, ఎయిర్ తీయించండి. తగ్గిందని ఇంజన్ ఆయిల్ కలిపితే రబ్బర్లన్నీ ఉబ్బిపోతాయి.

ఇంకా డబ్బు మిగిలితే మాస్టర్ సిలిండరు వైపు చూడండి. బాగా పాత జీపుల్లో నాలుగు చక్రాలకూ ఒకటే లైను. ఒక్క పైపు పగిలితే బ్రేకు పూర్తిగా పోయినట్టే. ముందుకు, వెనక్కు వేర్వేరు గదులున్న మాస్టర్ సిలిండరైతే ఒకటి పోయినా ఇంకొకటి పని చేస్తుంది. వెనక డిస్కు కంటే ప్రాణం కాపాడేది ఇదే. అయితే ఇదీ మార్పు కిందికే వస్తుంది కాబట్టి అడిగే చేయించండి.

వాగు దాటాక నెమ్మదిగా పోతూ బ్రేకు మీద కాలు తేలిగ్గా ఆనిస్తే రాపిడి వేడికి షూలు ఆరతాయి. పారే నీళ్లలోకి మాత్రం దిగవద్దు. 2024 సెప్టెంబర్ 1న ఆకేరు వాగు మరిపెడ మండలంలో రోడ్డెక్కినప్పుడు ఏమైందో మన జిల్లా చూసింది. కొట్టుకుపోయే బండిని ఏ బ్రేకూ ఆపలేదు.

ట్రాక్టరు ఉన్నవాళ్లు అడిగే మాట ఒకటుంది. పాత పొడి బ్రేకులను ఆయిల్‌లో మునిగే బ్రేకులుగా మార్చవచ్చా అని. అందుకు ఆక్సిల్ పక్కల హౌసింగులే మార్చాలి, పాత బండికి గిట్టుబాటు కాదు. దమ్ము చేసిన తర్వాత పొడి బ్రేకులు విప్పించి శుభ్రం చేయించండి. రోడ్డెక్కే ముందు కుడి ఎడమ పెడళ్లను కలిపే గొళ్లెం వేయండి.

జీపు షెడ్డు నుంచి రాగానే బస్తాలు ఎక్కించకండి. ఎవరూ లేని చదును దారిలో ఖాళీ బండితో మెల్లగా పోతూ బ్రేకు వేసి చూడండి. నిటారుగా ఆగాలి. తర్వాత చిన్న ఏటవాలులో గేరు తీసి హ్యాండ్ బ్రేకు మీద నిలిపి చూడండి, టైరు ముందు రాయి మాత్రం సిద్ధంగా ఉంచుకోండి. ఈ రెండూ కుదిరాకే బస్తాలు ఎక్కించండి.