తొలి క్రెడిట్ కార్డు

తమిళనాట ఎట్టయాపుర సీమలోను, అగ్గిపెట్టెల పరిశ్రమకు పేరొందిన కోవిల్పట్టి చుట్టుపట్లను నేటికిని ఇంట తెలుగు మాటాడు కుటుంబములు గలవు. అట్టి యింట ఏనాడును అప్పెరుగని యువకునికి, 2000లో స్థాపితమైన సిబిల్ సంస్థ ఋణచరిత్రను బట్టి యొసగు 300 నుండి 900 వరకు గల స్కోరు లేకపోవుటచే, బ్యాంకు క్రెడిట్ కార్డును నిరాకరించుట కలదు. ఋణము లేకుండుట దోషము కాదు. తీర్చగలడను రుజువు లేకుండుటయే చిక్కు.

నా దృష్టిలో ఉత్తమోపాయము ఫిక్సెడ్ డిపాజిట్‌పై నిచ్చు కార్డు. డిపాజిట్‌ను హామీగా నుంచుకొని, అందు అధికభాగమును పరిమితిగా నిత్తురు. డిపాజిట్‌పై వచ్చు వడ్డీయు ఆగదు. పదివేల పరిమితిలో రెండుమూడువేలు మాత్రమే వాడి, బిల్లులో సూచించిన కనీస మొత్తమును గాక పూర్తి మొత్తమును గడువులోగా చెల్లింపవలెను. లేనిచో ఏటికి 30 శాతమునకు మించిన వడ్డీ పడవచ్చును. ఏడాదికొకసారి ఉచితముగా లభించు సిబిల్ నివేదికను తప్పక చూచుకొనుడు.