కిటికీ ఫోటోలో ఏముంటుంది?

జంషెడ్‌పూర్‌లో కద్మా, సోనారీ, గోల్మురి పేటల్లో పాత క్వార్టర్ల వరుస ఒకదాని ముందు ఉదయం పది గంటలకు నిలబడ్డారనుకోండి. మొదటి ఇంట్లో కాపురం ఉంది. కిటికీ ఊచలకు తువ్వాలు ఆరేశారు. రెండో ఇల్లు ఖాళీ, తలుపుకు తాళం వేసి ఉంది. మూడోది పాడుబడింది. వీధిలోంచి చూస్తే మొదటి రెండు ఇళ్ళ కిటికీలూ నల్లగా ఉన్నాయి. మూడో ఇంటి కిటికీ మాత్రం తెల్లగా మెరుస్తోంది. మనుషులున్న ఇంటి కిటికీ చీకటిగా, ఎవరూ లేని ఇంటి కిటికీ వెలుగుతూ ఉండడమేమిటి?

జవాబు తేలికే. మూడో ఇంటికి పైకప్పు పోయింది. కిటికీలోంచి మీకు కనిపిస్తున్నది గది కాదు, ఆకాశం.

ఇంటి లోపల అడుగుపెట్టకుండానే ఇంటి పరిస్థితి తెలిసిపోయిందన్నమాట. కిటికీ ఫోటోలో ఇలాంటి సమాచారం ఇంకా చాలా ఉంటుంది. దాన్ని పోగొట్టకుండా ఫోటో తీయడమెలాగో, తీసినదాన్ని చదవడమెలాగో చూద్దాం. ఇది కాలక్షేపం కోసం చెబుతున్నది కాదు. 1907లో టాటా ఉక్కు కంపెనీ ఏర్పడింది. సాక్చి అనే పల్లె దగ్గర కర్మాగారం కట్టారు. 1919లో ఊరికి జంషెడ్‌పూర్ అని పేరు పెట్టారు. ఉత్తరాంధ్ర నుంచి పనికోసం వెళ్ళిన తెలుగు కుటుంబాలు అక్కడే తరాలుగా స్థిరపడ్డాయి. బిష్టుపూర్‌లోని ఆంధ్ర భక్త శ్రీరామ మందిరం అందుకు గుర్తు. ఆ కుటుంబాలు పెరిగిన పాత క్వార్టర్ల స్థానంలో బహుళ అంతస్తుల భవనాలు లేస్తున్నాయి. గోడ కూలిన తర్వాత మిగిలేది ఫోటో ఒక్కటే.

ఫోటోగ్రఫీ పుట్టింది కిటికీ దగ్గరే

నేటికి మిగిలి ఉన్న ఫోటోలలో అతి పాతది ఒక కిటికీలోంచి తీసిన దృశ్యం. ఫ్రాన్సులో నీసెఫోర్ నియెప్స్ 1826-27 ప్రాంతంలో తన ఇంటి మేడ కిటికీ దగ్గర పెట్టెను ఉంచి, తారు వంటి పదార్థం పూసిన లోహపు పలక మీద కప్పులను, గోడలను చిత్రించాడు. ఇంగ్లండులో విలియం హెన్రీ ఫాక్స్ టాల్బట్ 1835 ఆగస్టులో తన ఇంటి కిటికీనే చిత్రించాడు. తపాలా బిళ్ళ కంటే కాస్త పెద్దదైన ఆ కాగితం నేటికి మిగిలిన నెగటివ్‌లలో మొట్టమొదటిది. భూతద్దం పెట్టి చూస్తే కిటికీలోని దాదాపు 200 గాజు పలకలను లెక్కపెట్టవచ్చునని ఆయన రాసుకున్నాడు.

వారిద్దరూ కిటికీనే ఎంచుకోవడానికి ఒక కారణం ఉంది. అప్పటి రసాయనాలు చాలా మందకొడివి. వాటిని కదిలించాలంటే బలమైన కాంతి కావాలి. ఇంట్లో ఆ కాంతి దొరికేది కిటికీ దగ్గరే.

పగటి కిటికీ ఎందుకు నల్లన?

మొదటి ప్రశ్నకే మళ్ళీ వద్దాం. పైకప్పు ఉన్న ఇంటి కిటికీ పగలు నల్లగా ఎందుకుంటుంది? లోపల చీకటి కాబట్టి అంటారా? లోపల కూర్చుని పేపరు చదువుకోవడానికి వెలుతురు సరిపోతోంది కదా!

ఒక చిన్న లెక్క వేద్దాం. పొడవు, వెడల్పు, ఎత్తు మూడేసి మీటర్లున్న గది తీసుకోండి. దాని ఆరు ముఖాల మొత్తం వైశాల్యం 54 చదరపు మీటర్లు. అందులో కిటికీ 1 చదరపు మీటరు. కిటికీలోంచి వచ్చిన కాంతి గోడను తాకినప్పుడల్లా సగం ఇంకిపోయి, సగం చెదిరిపోతుందనుకుందాం. చెదిరిన కాంతి మళ్ళీ కిటికీలోంచే బయటపడే అవకాశం 54లో ఒక వంతు. మిగతాది ఇంకో గోడకు తగిలి మళ్ళీ సగం పోతుంది. ఇలా అన్ని విడతలూ కలిపి లెక్క కడితే, లోపలికి పోయిన 100 పాళ్ళ కాంతిలో బయటకు తిరిగివచ్చేది దాదాపు 2 పాళ్ళే! వెల్లవేసిన గోడలు 80 పాళ్ళు తిప్పికొట్టినా, బయటపడేది 7 పాళ్ళే. బయటి గోడ మాత్రం నూటికి 50 పాళ్ళు నేరుగా మన కంటికి పంపుతుంది. అందుకే ఆ గోడలో కిటికీ నల్లటి గుంటలా కనిపిస్తుంది.

భౌతికశాస్త్రంలో 'కృష్ణ వస్తువు' అనే భావన ఇదే. అన్ని వైపులా మూసి, ఒక చిన్న రంధ్రం మాత్రం వదిలిన పెట్టె తనలోకి వచ్చిన కాంతినంతా మింగేస్తుంది. అదే పెట్టెను బాగా వేడిచేస్తే రంధ్రం ప్రకాశిస్తుంది. ఆ వెలుగును బట్టి లోపలి ఉష్ణోగ్రత చెప్పవచ్చు. ఉక్కు కొలిమి కన్నంలోంచి వేడిమిని కొలిచే పరికరానికి ఆధారం ఈ సూత్రమే. జంషెడ్‌పూర్‌లో ఇంటి కిటికీ నలుపుకూ, కొలిమి కన్నం వెలుగుకూ శాస్త్రం ఒకటేనన్నమాట.

అద్దం ఉందా, లేదా?

ఇప్పుడు ఆ కిటికీకి గాజు పలక బిగిద్దాం. గాజును కాంతి సూటిగా తాకినప్పుడు ఒక్కో తలం దాదాపు 4 పాళ్ళు తిప్పికొడుతుంది. పలకకు రెండు తలాలు కనుక మొత్తం 8 పాళ్ళు. గదిలోంచి వచ్చేది 2 పాళ్ళే కదా! అందుకే పగటిపూట కిటికీ అద్దంలో గది కనిపించదు. ఎదురుగా ఉన్న ఆకాశం, చెట్లు, కెమెరా పట్టుకున్న మీరు కనిపిస్తారు.

పాడుబడిన కర్మాగారపు పొడవాటి కిటికీల వరుసను దూరం నుంచి ఫోటో తీస్తే ఈ తేడా బాగా ఉపయోగపడుతుంది. గోల్మురిలోని కేబుల్ కంపెనీ వంటి చోట్ల (అక్కడ 2000లో పని ఆగిపోయింది) ఇలాంటి వరుసలను బయటి నుంచే పరిశీలించవచ్చు. అద్దం మిగిలిన గళ్ళు ఆకాశాన్ని చూపుతూ బూడిదరంగులో ఉంటాయి. అద్దం పోయిన గళ్ళు ఊడిన పళ్ళ సందుల్లా నల్లగా ఉంటాయి. పైకప్పు పోయినచోట తెల్లగా ఉంటాయి. ఏటా అదే చోటు నుంచి, అదే వేళకు ఒక ఫోటో తీసి గళ్ళు లెక్కపెడితే, భవనం ఎంత వేగంగా శిథిలమవుతోందో అంకెల్లో తెలుస్తుంది.

అద్దం మీది ప్రతిబింబం అడ్డువస్తే ధ్రువణ ఫిల్టరు వాడవచ్చు. అద్దానికి లంబంగా గీసిన రేఖతో దాదాపు 56 డిగ్రీల కోణంలో నిలబడి ఫిల్టరును మెల్లగా తిప్పండి. ఒక స్థానంలో ప్రతిబింబం దాదాపు మాయమై లోపలి గది బయటపడుతుంది. ఆ కోణంలో పరావర్తనం చెందిన కాంతి తరంగాలు ఒకే తలంలో కంపించడం, ఫిల్టరు వాటిని అడ్డుకోవడం దీనికి కారణం.

పగులు చెప్పే సాక్ష్యం

పగిలిన అద్దం కనబడితే పిల్లలు రాయి విసిరారని అనేస్తాం. దగ్గరగా ఫోటో తీసి చూడండి. రాయి దెబ్బకు పగిలిన అద్దంలో గీతలన్నీ ఒక బిందువు నుంచి సాలెగూడులా నలువైపులకూ పోతాయి. కొన్ని పగుళ్ళు మాత్రం చట్రం అంచు దగ్గరో, మూల దగ్గరో మొదలై లోపలికి వంపు తిరుగుతాయి. వీటికి కారణం చాలాసార్లు తుప్పు. ఇనుము తుప్పుపట్టినప్పుడు దాని ఘనపరిమాణం కనీసం రెండింతలవుతుంది. ఒక్కోసారి అంతకంటే చాలా ఎక్కువ. ఉక్కు చట్రంలో గట్టిగా బిగించిన గాజుకు సాగే గుణం లేదు. తుప్పు ఉబ్బి అంచును నొక్కుతుంటే అది ఏదో ఒకనాడు ఫెళ్ళుమంటుంది. రంగు వేయించడం మానేసిన ఇంటికి ఇది మొదటి హెచ్చరిక. చట్రం మూలల కింద గోడ మీద గోధుమరంగు చారికలు కూడా ఉంటే అనుమానం అక్కర్లేదు.

అద్దం వయసు కూడా కొంతవరకు తెలుస్తుంది. కాస్త పక్కకు నిలబడి, అద్దంలో కరెంటు తీగ ప్రతిబింబం పడేలా చూడండి. తీగ సూటిగా ఉంటే అది కరిగిన తగరం మీద తేల్చి చేసిన గాజు కావచ్చు. ఈ పద్ధతిని ఇంగ్లండులోని పిల్కింగ్టన్ సంస్థ 1959లో ప్రకటించింది. తీగ నీటిలో నీడలా మెలికలు తిరిగితే అది పాత పద్ధతిలో సాగదీసి చేసిన గాజు. గాజు ఏళ్ళ తరబడి కిందికి జారి అలలు తేలుతుందని కొందరంటారు. అది నిజం కాదు. ఆ అలలు తయారీలోనే వచ్చాయి.

లోపలి నుంచి తీసేటప్పుడు

గదిలో నిలబడి కిటికీని ఫోటో తీస్తే చిక్కు మరోరకంగా ఉంటుంది. ఎండలో వెలుతురు లక్ష లక్సుల దాకా ఉంటుంది. గదిలో మూల దగ్గర 100 లక్సులే ఉండవచ్చు. అంటే వెయ్యి రెట్ల తేడా. స్లైడు ఫిల్ము సుమారు 30 నుంచి 60 రెట్ల తేడాను మాత్రమే పట్టుకోగలిగేది. నేటి సెల్‌ఫోను కెమెరాలు రెండు మూడు ఫోటోలు తీసి కలిపి ఈ తేడాను కప్పిపుచ్చుతాయి. కాని ఒక్కోసారి నీడలను కూడా చెరిపేస్తాయి.

దీనికి మంచి ఉపాయం వేళను ఎంచుకోవడం. సూర్యాస్తమయం అయిన పావుగంట తర్వాత బయటి వెలుతురు బాగా తగ్గి, లోపలి దీపపు వెలుగుకు దగ్గరవుతుంది. అప్పుడు గది, వీధి రెండూ ఒకే ఫోటోలో ఇముడుతాయి. దీపం లేని ఇంట్లో అయితే కెమెరాను కదలకుండా నిలిపి, బయటి వెలుతురుకు ఒకటి, లోపలి గోడకు ఒకటి వేరువేరుగా తీయండి.

దిక్కు, ఎండ

జంషెడ్‌పూర్ 22.8 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద, కర్కటరేఖకు కొంచెం దక్షిణాన ఉంది. జూన్ 21న మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తిన, ఇంకా చెప్పాలంటే ఒక వెంట్రుకవాసి ఉత్తరానికే ఉంటాడు. ఆనాడు దక్షిణపు కిటికీలోకి రోజంతా నేరుగా ఎండ రాదు. డిసెంబరు 22న మధ్యాహ్నం సూర్యుడి ఎత్తు సుమారు 44 డిగ్రీలే. నేల నుంచి 2 మీటర్ల ఎత్తున్న దక్షిణపు కిటికీలోంచి, పైన సన్‌షేడ్ లేకపోతే, ఎండ గదిలోకి 2 మీటర్ల దాకా వస్తుంది. వేసవిలో నీడ, చలికాలంలో ఎండ! 1940ల మధ్యలో ఈ నగరానికి ప్రణాళిక వేసిన ఆటో కోనిగ్స్‌బెర్గర్ ఉష్ణదేశాల్లో ఎండగాలులకు తగినట్లు ఇళ్ళు కట్టే శాస్త్రంలో తర్వాత ప్రసిద్ధుడయ్యాడు. ఫోటో తీసిన తేదీ, వేళ రాసిపెట్టుకుంటే కిటికీ నీడను బట్టి గోడ ఏ దిక్కుకు ఉందో తర్వాత కూడా లెక్కకట్టవచ్చు. అక్కడ సూర్యుడి మధ్యాహ్నం మన గడియారంలో 11.45 ప్రాంతంలో అవుతుందని మాత్రం గుర్తుంచుకోండి.

మీరు చేయవలసింది

కెమెరాను పైకెత్తకండి. ఎత్తితే కిటికీ పైభాగం ఇరుకై, చతురస్రం కాస్తా సమలంబ చతుర్భుజం అవుతుంది. దూరంగా జరిగి, కెమెరాను గోడకు సమాంతరంగా పట్టుకోండి. కిటికీ పక్కన 30 సెంటీమీటర్ల స్కేలు నిలబెట్టండి. అప్పుడు ఫోటో మీదే కొలతలు తీసుకోవచ్చు. ప్రతి కిటికీకీ మూడు ఫోటోలు చాలు: దూరం నుంచి మొత్తం గోడ, ఎదురుగా కిటికీ, దగ్గరగా చట్రం మూల. వెనక తేదీ, వేళ, దిక్కు రాయండి.

కాపురమున్న ఇంటి కిటికీ అయితే ఇంటివారిని అడగండి. వాళ్ళ తువ్వాలు వాళ్ళది. పాడుబడిన భవనాల్లోకి వెళ్ళకండి. వదులైన గాజు, పుచ్చిన కప్పు, పాములు ఉంటాయి. కర్మాగారాల దగ్గర అనుమతి తప్పనిసరి. ఈ వ్యాసంలో చెప్పినవన్నీ దాదాపుగా వీధిలోంచే గమనించదగినవి.

జంషెడ్‌పూర్‌లోనే ఉండనక్కరలేదు. మీ ఊళ్ళో పాత రైల్వే క్వార్టర్లో, మూతపడిన మిల్లో, మీరు చదివిన బడో ఉండే ఉంటుంది. కూలగొట్టేవాళ్ళు వచ్చాక తీద్దామనుకుంటే ఆలస్యమవుతుంది. వాళ్ళు మొట్టమొదట పీకేది కిటికీలనే. ఇనుముకు, చెక్కకు ధర పలుకుతుంది మరి.