టెన్నిసు రాకెట్టు, తంతులు, బంతి - ఎంపిక

విశాఖ చెంతనున్న పరవాడ వంటి సముద్రతీర ప్రాంతములందు టెన్నిసు నేర్వగోరు యువతీయువకులు "ఏ రాకెట్టు కొనవలెను?" అని అడుగుట సహజము. వెలను చూచి కాక, చేతికి తగినదానిని ఎన్నుకొనవలెనని మేము మనవి చేయుచున్నాము.

రాకెట్టు పొడవు 73.7 సెంటీమీటర్లకు మించరాదని నియమము. అంతకంటె ముఖ్యమైనది పిడి. పిడిని పట్టినపుడు వ్రేళ్ళ కొనలకును అరచేతికిని నడుమ రెండవ చేతి చూపుడువ్రేలు పట్టునంత యెడముండవలెను. పిడి మరీ సన్నమైనచో రాకెట్టు చేతిలో తిరిగిపోవును. దానిని ఆపుటకు బిగించి పట్టగా మోచేయి నొచ్చును.

పశువుల ప్రేగులతో చేసిన తంతులు మృదువైనవే కాని, వెల హెచ్చు. తేమ తగిలిన త్వరగా చెడును. కావున సముద్రపుగాలి వీచుచోట నైలాను తంతులే మేలు. పాలియెస్టరు తంతులు త్వరగా తెగవు గాని బిరుసైనవి. లేత చేతులకు తగవు. తంతులను మరీ బిగించినచో బంతి అదుపులో నుండును గాని, వేగము తగ్గి చేతికి అదురు హెచ్చును.

సాధారణపు బంతిని 254 సెంటీమీటర్ల ఎత్తునుండి గట్టినేలపై విడిచినచో 135 మొదలు 147 సెంటీమీటర్ల వరకు ఎగురవలెను. డబ్బా తెరచిన పిదప బంతిలోని గాలి క్రమముగా తగ్గును. ఎగురని బంతిని బలముగా కొట్టబోయిన శ్రమ చేతిదే.

కావున రాకెట్టుకై దాచిన సొమ్ములో కొంత మంచి తంతులకును, క్రొత్త బంతులకును మిగుల్చుకొనుట వివేకము.