ఉక్రెయిన్ యుద్ధం - రష్యా అణు వ్యూహ చర్చ

2022 ఫిబ్రవరి 24న రష్యా ఉక్రెయిన్‌పై పూర్తిస్థాయి దండయాత్ర ప్రారంభించింది. అణ్వాయుధాలను ఏ పరిస్థితులలో ప్రయోగించవచ్చుననే ప్రశ్న ఈ యుద్ధం వలన రష్యా నాయకులలోను, వ్యూహ నిపుణులలోను తీవ్ర చర్చకు దారితీసింది. ప్రతిదాడి భయంతో శత్రువు దాడికి వెనుకాడేటట్లు చేయడాన్ని అణు నిరోధం అంటారు. ఈ చర్చకు మూలం అదే.

నేపథ్యం

తాను మొదటగా అణ్వాయుధాలు ప్రయోగించబోనని సోవియట్ యూనియన్ 1982లో ప్రకటించింది. ఈ హామీని రష్యా 1993లో విరమించుకొంది. 1994 నాటి బుడాపెస్ట్ ఒడంబడికతో ఉక్రెయిన్ తన భూభాగంలోని సోవియట్ అణ్వాయుధాలను వదులుకొంది. అందుకు బదులుగా రష్యా, అమెరికా, బ్రిటన్‌లు దాని సరిహద్దులను గౌరవిస్తామని హామీ ఇచ్చాయి. రష్యా 2020 విధానపత్రం ప్రకారం సాధారణ ఆయుధాలతో జరిగే దాడికి అణ్వాయుధాలతో బదులివ్వాలంటే, దేశపు ఉనికికే ప్రమాదం ఏర్పడాలి.

రెండు వాదనలు

పశ్చిమ దేశాలలో అణ్వాయుధాల పట్ల భయం తగ్గిపోయిందని, ప్రయోగ పరిమితిని సడలించి ఆ భయాన్ని తిరిగి కలిగించాలని 2023 జూన్‌లో సెర్గీ కరగానోవ్ వాదించాడు. ఇవాన్ తిమోఫేయెవ్, ఫ్యోదర్ లుక్యానోవ్ వంటివారు దీనిని ఖండించారు. అణుదాడి వలన ప్రత్యర్థులు లొంగకపోగా, యుద్ధం అదుపు తప్పుతుందని వారి అభిప్రాయం. సిద్ధాంతాన్ని మార్చవలసిన అవసరం లేదని 2023 అక్టోబరులో అధ్యక్షుడు పుతిన్ చెప్పాడు.

విధానంలో మార్పులు

అయినా యుద్ధం కొనసాగేకొద్దీ విధానం మారింది. 2023 ఫిబ్రవరిలో రష్యా, అమెరికాతో కుదిరిన న్యూ స్టార్ట్ ఒప్పందం అమలును నిలిపివేసింది. (ఈ ఒప్పందం గడువు 2026 ఫిబ్రవరిలో ముగిసింది.) అదే సంవత్సరం నవంబరులో సమగ్ర అణుపరీక్షల నిషేధ ఒప్పందానికి ఇచ్చిన ఆమోదాన్ని ఉపసంహరించుకొంది. 2024 నవంబరు 19న కొత్త విధానపత్రం వెలువడింది. అణ్వాయుధ దేశపు మద్దతుతో అణ్వాయుధాలు లేని దేశం చేసే దాడిని ఇది ఉమ్మడి దాడిగా పరిగణిస్తుంది. "ఉనికికి ప్రమాదం" అనే షరతు స్థానంలో సార్వభౌమత్వానికి, ప్రాదేశిక సమగ్రతకు తీవ్రమైన ముప్పు అనే విస్తృత షరతు చేరింది.

ప్రాముఖ్యత

2022 నవంబరులో ఖెర్సన్ నగరం నుండి రష్యా సేనలు వైదొలగాయి. 2024 ఆగస్టులో ఉక్రెయిన్ సేనలు రష్యాలోని కుర్స్క్ ప్రాంతంలోకి ప్రవేశించాయి. ఈ రెండు సందర్భాలలోను అణ్వాయుధాలు ప్రయోగింపబడలేదు. అణ్వాయుధాలున్న దేశం కూడా సాధారణ యుద్ధంలో భూభాగాన్ని కోల్పోవచ్చునని ఈ సంఘటనలు చూపాయి. హెచ్చరిక ఎంత తరచుగా వినిపిస్తే దాని విలువ అంత తగ్గుతుంది. దానిని నిలబెట్టుకొనడానికి మరింత తీవ్రమైన హెచ్చరిక చేయవలసి వస్తుంది. ఈ చర్చలోని అసలు ప్రమాదం ఇదే.